మా వదిన ఇల్లు చూసిన తీరు

"ఆ రోజీ గోర్లు తీసుకునిందా?"

"తీసింది వదినా, నిన్ననే తీసింది. సూడు, నీ సేతులు ఎంత శుబ్బరంగా ఉండాయో."

"నావి కాదు మే. దానివి. తల దువ్వేటప్పుడు గీసుకుంటా ఉండాయి. పెండ్లికూతురి మాదిరి పెంచుకోనుండాది."

"సరే, పోతా పోతా సెప్పిపోతాలే."

"సెప్పొద్దు. సిన్నబుచ్చుకుంటాది. గోర్లు తీసే కట్టరు ఒగటి కొనుక్కోనొచ్చి దాని సేతిలో పెట్టు. ఎర్రది కొను. ఎర్రదైతే వాడతాది."

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. దేవుడి గురించి కాదు, పోయిన నా భర్త గురించి కాదు, కట్టరు గురించి. మరుసటి ఉదయం వదిన ఉండే వృద్ధుల హోము నుంచి, అది నడిపే సిస్టరమ్మ ఫోను చేసింది. నిద్రలోనే పోయిందని చెప్పింది. కట్టరు అమ్మే అంగడి ఇంకా తెరవనే లేదు.

వదిన నా భర్తకు అక్క. పేరు రాయవద్దన్నాను. బతికున్నన్నాళ్ళూ పేరు పెట్టి పిలవని మనిషిని, పోయిందని ఇప్పుడు పిలుస్తానా? రాస్తున్నది మా చెల్లెలి కూతురు సుజాత. పాకాలలో బడిపంతులమ్మ. నాకు సంతకం వరకే వచ్చు. నా మాటలను కాస్త బడి తెలుగులోకి మార్చి రాయమన్నాను. వదిన మాటల జోలికి మాత్రం పోవద్దన్నాను. ఆమె మాట దిద్దితే ఆమె ఊరుకునే రకం కాదు.

ఇది రాయమని అడిగింది సిస్టరమ్మ. "మా హోముకు పెద్దవాళ్ళను తెచ్చేవాళ్ళు, ఇక్కడ బాగా చూసుకుంటారా అని అడుగుతారమ్మా. మమ్మల్ని మేమే పొగుడుకుంటే ఏం బాగుంటుంది? మీరు చెప్పండి" అంది. సరేనన్నాను. కానీ ఆ హోము ఎట్లాంటిదో చెప్పాలంటే, దాన్ని చూసి ఎంచుకున్న మనిషి ఎట్లాంటిదో ముందు చెప్పాలి.

మా వైపు ఎవరైనా పిల్లను ఇవ్వాలనుకుంటే, అబ్బాయి ఇల్లు చూడడానికి మా వదినను తోడు తీసుకుపోయేవాళ్ళు. పాకాల నుంచి సత్యవేడు దాకా ఆమె కాలు పెట్టని పెరడు లేదు. పెరడు అని ఎందుకన్నానంటే, ఆమె ముందు వాకిలి చూసేది కాదు. "మనం వస్తామని ముందర కడిగి ముగ్గేసింటారు మే. ఎనకపక్క సూడు" అని నేరుగా అంట్లు తోమే చోటికి పోయేది. కోడళ్ళు చెప్పులు ఎక్కడ విడిచారో చూసేది. నీళ్ళు అడిగి, తెచ్చిన మనిషి ముఖం చూసేది. నీళ్ళు తరువాత చూసేది.

ఒకసారి పుత్తూరు పక్కన ఒక ఇంట్లో పెద్ద కోడలు మంచం వాల్చడానికి వస్తే, ఆ ఇంటి కుక్క తోక ఊపుకుంటూ ఆమె వెనకాలే వచ్చింది. వదిన వెంటనే "ఇచ్చేయండి" అంది. ఆడపిల్ల తండ్రికి ఏమీ అర్థం కాలేదు. "ఏమి సూసి సెప్తావుండావు అక్కా?" అన్నాడు. "కుక్కను సూసి. ఈ ఇంట్లో కోడలి సేతిలో అన్నం మిగుల్తా ఉండాది, కుక్కకు పెట్టేదానికి తీరికా ఉండాది. ఇంగేమి కావల్ల మీకు?" అంది. ఆ పిల్ల ఇప్పుడు ఆ ఇంటికి పెత్తనం చేస్తోంది, కుక్క సంగతి తెలియదు.

ఆమెకు రెండు నియమాలు ఉండేవి. ఇల్లు చూడడానికి ముగ్గురుగా పోకూడదు. సంబంధం ఖాయం కాకముందు ఆ ఇంట్లో చెయ్యి తడపకూడదు. అంటే కాఫీ నుంచి అన్నం దాకా ఏదీ నోట్లో పెట్టకూడదు. తిన్న తరువాత వద్దని చెప్పడానికి నోరు రాదని ఆమె భయం.

నన్ను చూడడానికి వచ్చింది కూడా ఆమే, తన తమ్ముడి కోసం. వచ్చిన మిగతా ఆడవాళ్ళు వంట వచ్చా, పాట వచ్చా అని అడుగుతుంటే ఈమె నన్ను పెరట్లోకి పిలిచి, "నీకు నగువొస్తే ఎవురితో సెప్పుకుంటావు?" అంది. నగువంటే మా వైపు నవ్వు. మా మేనత్తతో చెప్పుకుంటాను అన్నాను. "పెండ్లైనాక మీ మేనత్త ఆడికొస్తాదా? నాతో సెప్పుకో" అంది. సంబంధం అక్కడే ఖాయమైంది. ఆమె తమ్ముడు అప్పటికింకా నోరు విప్పలేదు.

చెప్పుకున్నాను. జీవితమంతా ఆమెతోనే చెప్పుకున్నాను. నా భర్త పోయిన తరువాత, అప్పటికే ఒంటరిగా ఉన్న ఆమె పెట్టె తీసుకుని మా ఇంటికి వచ్చేసింది. ఇద్దరు ముండమోపులం ఒక్క ఇంట్లో ఉండి అంతగా నవ్వకూడదని పక్కింటివాళ్ళు అనేవాళ్ళు. "వాళ్ళకి కడుపునొప్పి. వాము నీళ్ళు తాగమను" అనేది వదిన.

ఆ నవ్వు మీదే వదినకు పక్షవాతం వచ్చింది. ఎడమ పక్క పడిపోయింది. తిరుపతి ఆసుపత్రిలో ఉంచి పంపారు. మాట కాస్త ముద్దగా వచ్చినా వచ్చింది, కాలూ చెయ్యీ రాలేదు. స్నానాలగదిలో ఆమెను లేపబోయి నేనూ పడ్డాను. కింద నేను, నా మీద ఆమె. నాకు ఊపిరి ఆడడం లేదు. ఆమె నా చెవి దగ్గర, "మా తమ్ముడుంటే నన్ను కొట్టేవాడు మే, పెండ్లాన్ని తొక్కేసినావని" అంది. ఇద్దరం నవ్వుతూ, నొప్పికి అరుస్తూ, మళ్ళీ నవ్వుతూ పడి ఉన్నాం. పక్కింటివాళ్ళు తలుపు తోసుకుని వచ్చేదాకా అదే పని.

ఆ తరువాత నా నడుము నిలవలేదు. ఒకరోజు వదినే అంది.

"ఇంగ నన్ను ఇచ్చెయ్ మే."

"యాడికి వదినా?"

"యాడన్నా మంచి ఇల్లు సూసి. ఆడపిల్లల్ని ఇయ్యలేదా మనం? అట్లే."

నేను ఏడ్చాను. నా భయం వేరు. ఇంకో పోటు వచ్చి ఆమె మాట పూర్తిగా పడిపోతే? తడి గుడ్డల్లో వదిలేసినా, వీపు పుండ్లు పడినా నాకు చెప్పుకోలేదు. నేను చూడడానికి పోయిన రోజు పౌడరు పూసి కూర్చోబెడితే నాకు ఎట్లా తెలుస్తుంది? ఆ భయం చివరిదాకా నన్ను వదల్లేదు. అది కూడా రాసుకో సుజాతా, దాచవద్దు.

"ఏడిస్తే ఏమొస్తాది? ముందు ఇల్లు సూద్దాం పద మే" అంది వదిన.

మొదట తిరుపతి పక్కన ఒక పెద్ద హోముకు పోయాం. వదిన, నేను, సుజాత ముగ్గురం. ముగ్గురు పోకూడదు కదా! వదిన చక్రాల కుర్చీలోంచి ఆటో ఆయనను పిలిచింది. "అన్నా, నువ్వూ రా. మాకు అన్న వరసని సెప్తాను. నోరు మాత్రం తెరవొద్దు." ఆయన జుట్టు సవరించుకుని పెళ్ళివారిలా మా వెనక నడిచాడు.

నేల అద్దంలా ఉంది. మేనేజరు మర్యాదస్థుడు. నర్సు ఎప్పుడూ ఉంటుంది, డాక్టరు వస్తాడు, టీవీ ఉంది, యోగా చెప్పిస్తాం అన్నాడు. వదిన తల ఊపుతూ వింది. మంచాల గదిలోకి పోగానే నా కొంగు లాగింది.

"సెప్పులు సూడు."

ప్రతి మంచం కింద ఒకే రంగు చెప్పులు, వరసగా, గీత గీసినట్టు ఉన్నాయి. సుజాతను ఒకటి తిప్పి చూపించమంది. అడుగు అరగలేదు. అంగట్లోంచి తెచ్చినట్టే ఉంది.

"ఈ మనుషుల్ని మంచం దించలేదు మే" అంది చిన్నగా. అంతలో ట్రేలో కాఫీలు వచ్చాయి. ఆటో ఆయన చెయ్యి చాపాడు. వదిన ఒక్క చూపు చూసింది. చాపిన చెయ్యి ఆయన అట్లాగే తల గోక్కోవడానికి తీసుకుపోయాడు. "ఇంగా ఖాయం కాలేదు నాయనా, అప్పుడే తాగకూడదు" అని మేనేజరుకు సర్ది చెప్పింది. ఏది ఖాయం కాలేదో ఆయనకు ఈరోజుకీ తెలిసి ఉండదు.

రెండోచోట వదిన వసారాలో కుర్చీ ఆపించుకుని "అమ్మా!" అని గట్టిగా కేక వేసింది. ఎవరూ రాలేదు. ఆటో వైపు తిప్పమంది.

మూడోది పాకాల దారిలో, మామిడితోటల మధ్య పాత మిద్దె. గోడలకు సున్నం రాలుతోంది. నాకు నచ్చలేదు. వదిన వాకిట్లోనే "అమ్మా!" అంది. లోపలినుంచి ఒకామె పిండి చేత్తోనే వచ్చింది. రోజీ అనే పిల్ల భుజాన తువ్వాలుతో పరుగెత్తుకొచ్చింది. ఆ వెనక, కళ్ళజోడు తుడుచుకుంటూ సిస్టరమ్మ. ముగ్గురూ వదినను దాటి, ఎవరికి ఏమయిందోనని మంచాల వైపు చూశారు. వదిన ముఖం విప్పారింది.

చెప్పులు చూశాం. ఒక్కటీ ఇంకోదానికి జత కాదు. అడుగులు అరిగి, ఒకదానికి పిన్నీసు పెట్టి ఉంది. వదిన ఒక మంచం దగ్గర ఆగి, అందులోని ముసలాయనను అడిగింది.

"ఏమప్పా, నీకు నగువొస్తే ఎవురితో సెప్పుకుంటావు?"

ఆయన పక్క మంచం వైపు వేలు చూపాడు. "వానితో. వానికి సెవుడు. అందుకని ఒగే మాట రోజూ సెప్పొచ్చు."

"ఖాయం చెయ్ మే" అంది వదిన.

చేసుకుంది కూడా. సంచిలోంచి తమలపాకులు, వక్కలు తీసి సిస్టరమ్మ చేతిలో పెట్టమంది. సిస్టరమ్మ క్రైస్తవురాలు, చాలా ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసింది. "ఇది దేనికమ్మా?" అంటే, "తాంబూలాలు మార్చుకోకుండా పిల్లనిస్తారా యాడన్నా?" అంది. సిస్టరమ్మ నవ్వలేదు. లోపలికి పోయి రెండు అరటిపండ్లు తెచ్చి, రెండు చేతులతో వదిన ఒళ్ళో పెట్టింది. నాకు అప్పుడు నచ్చింది ఆ ఇల్లు.

ఇక జరిగిన పొరపాటు చెప్పాలి. ఇల్లంతా చూశాం, పెరడు చూశాం, మరుగుదొడ్డి చూశాం. నియమం ప్రకారం చెయ్యి తడపలేదు. అంటే అన్నం రుచి చూడలేదు! చేరిన రోజు మధ్యాహ్నం చారు పోశారు. వదిన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నా వైపు తిరిగింది. పెళ్ళిపీటల మీద వరుడు మారిపోయిన పిల్ల ముఖంలా ఉంది ఆ ముఖం.

"ఏంది మే ఇది? ఉప్పు యాడ?"

"ఈడ అందరికీ బీపీ కదా వదినా."

"అయ్యో, ఇల్లంతా సూసి కుండలో వేలు పెట్టలేదే!"

అప్పటినుంచి ఆమె సరిగా తినలేదు. రెండు ముద్దలు, చాలు అనేది. మనిషి చిక్కిపోయింది. నేను పోయినప్పుడల్లా సిస్టరమ్మ దిగులుగా కనిపించేది. "ఇట్లాగే ఉంటే మళ్ళీ ఆసుపత్రిలో పెట్టాలి" అని చెప్పింది.

"ఇంటికి పోదాం పా వదినా. ఏదో ఒగటి సేసుకుందాం."

"తాంబూలాలు మార్చుకున్నాక పిల్లని ఎనక్కి తెచ్చుకుంటారా? నలుగురూ నగుతారు."

"మరి తినవు కదా!"

దానికి వదిన, "కొత్త కోడలితో మొదటి వంట సేయిస్తారు. వీళ్ళు నాతో సేయించలేదు. సేయి పెట్టని కుండలో కూడు నాకెట్ల పోతాది?" అంది.

నేను ఈ మాట సిగ్గుపడుతూనే సిస్టరమ్మకు చెప్పాను. "వంటగదిలోకి పేషంట్లను రానివ్వకూడదమ్మా, నిప్పు ఉంటుంది, కాలు జారుతుంది. అది మా నియమం" అంది. ఆమెకూ నియమాలు ఉన్నాయి మరి. పోవడానికి లేచాను. అప్పుడు నా వెనక నుంచి, "ఆమె లోపలికి రాకూడదు గాని, వంట బయటికి రాకూడదని ఎక్కడా లేదు కదా?" అంది.

అది అనపకాయల కాలం. చిత్తూరు మనిషికి చలికాలంలో పితికిన పప్పు లేకపోతే చలి పోదు. ఒలిచిన అనపగింజలను రాత్రంతా నానబెట్టి, పొద్దున ఒక్కొక్కటీ రెండు వేళ్ళ మధ్య పెట్టి పితికితే, లోపలి పప్పు తొక్కలోంచి ఎగిరి పడుతుంది. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇంట్లో అందరూ చుట్టూ కూర్చోవాలి.

మరుసటి రోజు నేను పోయేసరికి వసారా నిండా మనుషులు. మంచాల్లోంచి, కుర్చీల్లోంచి అందరినీ ఎండలోకి తెచ్చారు. మధ్యలో నానిన గింజల గంగాళం. వదిన చక్రాల కుర్చీలో కూర్చుని, కుడిచేత్తో పితుకుతూ అందరి మీద పెత్తనం చేస్తోంది.

"ఏమప్పా, పితకమంటే తింటావుండావే? పచ్చివి తినొద్దు, కడుపులో తిప్పుతాది!"

"రుచి సూడాల్ల కదా అక్కా! నువ్వు సూడకనే కదా మోసపోయినావు!" అన్నాడు చెవిటి స్నేహితుడున్న ముసలాయన. అప్పటికే ఆ కథ హోమంతా పాకిపోయింది.

పప్పులు పైకప్పుకు తగులుతున్నాయి, ఒకరి జుట్టులో పడుతున్నాయి. కాళ్ళూ చేతులూ ఆడించే ఫిజియో అబ్బాయి ఆరోజే వచ్చాడు. ఎడమ చేతికని అతను ఇచ్చిన రబ్బరు బంతిని వదిన ఎప్పుడూ ముట్టలేదు. అతను బంతి పక్కన పెట్టి, ఆమె ఎడమ అరచేతిలో ఒక గింజ ఉంచి, బొటనవేలు దాని మీదికి తెచ్చాడు. "నొక్కండి అవ్వా" అన్నాడు. జారిపోయింది. ఇంకోటి పెట్టాడు. అదీ జారింది. అందరూ పితకడం ఆపి చూస్తున్నారు. తువ్వాలు పిల్ల రోజీ మోకాళ్ళ మీద కూర్చుని, "నొక్కు పాటీ, నొక్కు!" అంటోంది. అది సత్యవేడు పిల్ల, అరవం కలిసిన మాట. పాటి అంటే అవ్వ.

టప్‌మని పప్పు ఎగిరి సిస్టరమ్మ కళ్ళజోడుకు తగిలింది.

వసారా అంతా ఒక్క కేక. వదినకు నవ్వు ఆగలేదు, కళ్ళమ్మట నీళ్ళు. "మే, సూసినావా? సచ్చిన సెయ్యి కొట్టింది మే!" సిస్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకోలేదు. ఆ పప్పును ఏరి నోట్లో వేసుకుని, చీర మడిచి నేల మీద కూర్చుని తానూ పితకడం మొదలుపెట్టింది.

పోపు వసారా చివర పొయ్యి మీద వదిన చెబుతుంటే వేశారు. ఉప్పు దగ్గర మాత్రం సిస్టరమ్మ ఒప్పుకోలేదు. చిటికెడే వేసింది. వదిన రుచి చూసి, "ఉప్పు సాలదు" అంది. చెప్పి, కంచం ఖాళీ చేసింది. ఆరోజు నుంచి ఉప్పు చాలదని తిట్టుకుంటూ మూడు పూటలా తిన్నది.

అక్కడ తప్పులే జరగలేదని నేను రాయించను. ఒకసారి వదిన కళ్ళజోడు పక్క మంచం ఆమెకు, ఆమెది వదినకు పెట్టేశారు. ఇద్దరూ మధ్యాహ్నం దాకా మంచు కురుస్తోందనుకుని కూర్చున్నారు. ఫ్యాను ఒకటి ఎప్పుడూ గొణిగేది. కానీ ఎవరైనా తమవాళ్ళ కోసం హోము చూడడానికి వస్తే వదిన తన కుర్చీ వాకిలి దాకా తోయించుకునేది. "ఎనకపక్క సూసినారా? సెప్పులు సూసినారా? ఈడ అన్నం తినే పొండి. నా మాదిరి మోసపోవద్దండి" అనేది. సిస్టరమ్మ తల పట్టుకునేది.

అట్లాంటి మనిషి పోయిందని ఫోను వస్తే, బస్సులో కూర్చున్న నాకు దుఃఖం కంటే ముందు ఆ పాత భయమే లేచింది. నేను చూడని రోజుల్లో ఆమెను ఎట్లా ఉంచారో?

ఆఖరి స్నానం ఇంటి ఆడవాళ్ళే చేయించాలి. సుజాత నీళ్ళు పోసింది. నేను వదినను పక్కకు తిప్పి వీపు చూశాను. సిగ్గు లేకుండా, పెరడు చూసినట్టు చూశాను. మడమలు చూశాను. తొడల సందులు, చెవుల వెనక, కాలివేళ్ళ మధ్య చూశాను. ఒక్క పుండు లేదు. ఒక్క చోట కమిలి లేదు. వీపు కొబ్బరినూనెతో మెరుస్తోంది. మంచాన పడి అన్ని నెలలున్న మనిషి ఒళ్ళు కాదది. నేను ఇంట్లో చూసుకుని ఉంటే అట్లా ఉంచలేకపోయేదాన్ని.

సబ్బు రుద్దడానికి ఆమె ఎడమ చెయ్యి ఎత్తాను. గోడ దగ్గర నిలబడి ఏడుస్తున్న రోజీ ఒక్క ఉదుటున ముందుకు వచ్చింది.

"మెల్లగా ఎత్తండమ్మా. ఆ సెయ్యి ఎత్తితే పాటీకి నొప్పి."

నా చేతిలో చెయ్యి చల్లగా ఉంది. అయినా మెల్లగా దించాను. మెల్లగానే కడిగాను, ఆ పిల్ల చెప్పినట్టు. ఆ బస్సులో ఎక్కిన భయం అక్కడ దిగిపోయింది, నీళ్ళతో పాటు.

మీరు మీ మనిషిని ఇక్కడ ఉంచవచ్చా అని సిస్టరమ్మను అడగకండి. నేను చెబుతున్నాను. ఉంచవచ్చు. నేను చూశాను.

సాలు సుజాతా, ఇంగ ఆపు. రాసిందంతా మొదట్నించి ఒగసారి సదివి ఇనిపించు. నా మాటలు ఎట్లన్నా సదువుకో. మీ అత్త మాటలొచ్చినకాడ మాత్రం గట్టిగా సదువు. ఆమె మెల్లగా మాట్లాడే మనిషి కాదు.